టైప్ 1 షుగర్: పొడపత్రి పొడి ఆపినా రాత్రిళ్లు షుగర్ పడిపోతోంది

మాది దేవరకొండ దగ్గర. బాబుకి 11 ఏళ్లు, టైప్ 1 షుగర్. మూడు పూటలా తినే ముందు ఇన్సులిన్, రాత్రి 9కి గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) 10 యూనిట్లు. అంగడిలో ఎవరో చెప్పారని మా అత్తమ్మ పొడపత్రి ఆకు పొడి తెచ్చి పొద్దున, రాత్రి అర చెంచా మజ్జిగలో కలిపి ఇచ్చింది. (ఆ ఆకు నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, అందుకే ఆమెకు అంత నమ్మకం.) అప్పటి నుంచి రాత్రి 2, 3 గంటల మధ్య షుగర్ 55-60కి పడిపోతోంది. బనీను తడిసిపోయేంత చెమట, చేతుల్లో వణుకు. గ్లూకోజ్ నీళ్లు తాగిస్తే పావుగంటలో 100 దాటుతుంది, తెల్లారేసరికి 250.

పోయిన వారం పొడి ఆపేశాం. డాక్టర్ చెప్పినట్టు గ్లార్జిన్ 8కి తగ్గించాం, పడుకునే ముందు పాలు ఇస్తున్నాం, సూది వేసే చోటు మారుస్తున్నాం. అయినా మొన్న మళ్లీ 57. వేరే మీటర్‌తో చూసినా అంతే. సోమవారం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

ఇన్సులిన్ మానే ప్రసక్తే లేదు. టైప్ 1లో క్లోమం ఇన్సులిన్ తయారు చేయలేదు కాబట్టి, "సూదులెందుకు, ఈ కషాయం చాలు" అనే సలహాలు దయచేసి వద్దు.

ఇన్సులిన్‌తో పాటు పొడపత్రి వాడి ఆపేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఆపాక రాత్రి షుగర్ పడిపోవడం ఎన్ని రోజులకు తగ్గింది?