ఆర్చ్ మానింగ్‌ను విన్స్ యంగ్ పక్కన నిలబెట్టడం న్యాయమేనా?

షుగర్‌ల్యాండ్_రవి

విన్స్ యంగ్ టెక్సస్ యూనివర్సిటీని అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఛాంపియన్‌ను చేసిన ఆ రోజ్ బౌల్ మ్యాచ్ జరిగి నిన్నటికి సరిగ్గా ఇరవై ఏళ్లు. 2006 జనవరి 4. మా ఇంట్లో నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇదే గొడవ. మా అబ్బాయి ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న సిట్రస్ బౌల్ మ్యాచ్‌లో, ఇప్పటి క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ ఆడిన టెక్సస్ 41–27తో మిషిగన్‌ను ఓడించిన దగ్గర్నుంచి వాడిది ఒకటే మాట. "ఆర్చ్ విన్స్ యంగ్‌ను దాటిపోతాడు నాన్నా, చూస్తూ ఉండండి" అంటాడు. నాకు అన్నం సహించలేదు.

ఆట కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు ప్రతి ఆటలోనూ బంతిని ముందుగా చేతికి అందుకునేవాడు. దూరంగా విసరాలా, పక్కవాడి చేతిలో పెట్టాలా, తనే పరుగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. జట్టు బరువంతా అతని మీదే ఉంటుంది.

విన్స్ మా హ్యూస్టన్ పిల్లాడు. హిరామ్ క్లార్క్ ప్రాంతంలో పెరిగాడు, మాడిసన్ హైస్కూల్‌లో ఆడాడు, అక్కడి నుంచి ఆస్టిన్ వెళ్లాడు. స్టార్టర్‌గా, అంటే మొదటి నుంచీ దిగే క్వార్టర్‌బ్యాక్‌గా, 32 మ్యాచ్‌లు ఆడి 30 గెలిచాడు. 2005 సీజన్‌లో పాసులతో 3,036 గజాలు, పరుగుతో 1,050 గజాలు. ఒకే సీజన్‌లో మూడు వేలు విసిరి, వెయ్యి పరుగెత్తిన మొదటి ఆటగాడు, కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో, అతనే. ఇక ఆ రాత్రి సంగతి. ఎదురుగా ఉన్నది వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన సదరన్ కాలిఫోర్నియా. ఇంకా 6 నిమిషాల 42 సెకన్లు ఉండగా 38–26తో వాళ్లదే పైచేయి. విన్స్ బంతితో పరుగెత్తి అవతలి చివరి గీత దాటాడు, దాన్నే టచ్‌డౌన్ అంటారు, 38–33 అయింది. చివరికి 19 సెకన్లు మిగిలి ఉండగా, నాలుగో డౌన్‌లో, ఎనిమిది గజాల దూరం నుంచి కుడివైపు మూలకు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మ్యాచ్ 41–38. ఆ ఒక్క మ్యాచ్‌లో పాసులతో 267 గజాలు, కాళ్లతో 200.

అప్పటికి నేను ఈ దేశం వచ్చి నాలుగేళ్లు. అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం కూర్చుని చూశాం. ఆట సగమే అర్థమయ్యేది. అయినా అందరం లేచి అరిచాం. పై ఫ్లోర్ వాళ్లూ, కింది ఫ్లోర్ వాళ్లూ కూడా అరుస్తున్నారు. ఈ ఊరు నాది అని మొదటిసారి అనిపించింది ఆ రాత్రే. హైదరాబాద్‌లో పెరిగిన నాకు 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ కొట్టిన 281 తర్వాత అంత ఒళ్లు పులకరించిన ఆట మరొకటి లేదు.

మరి ఆర్చ్? 2025 సీజన్ మొదలవకముందే అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్‌లో టెక్సస్‌ను నంబర్ 1గా పెట్టారు. యూనివర్సిటీ చరిత్రలోనే సీజన్ ముందు ఆ స్థానం రావడం మొదటిసారి. చివరికి ఏమైంది? ఒహాయో స్టేట్, ఫ్లోరిడా, జార్జియా చేతుల్లో ఓటమి. ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో చోటే దక్కలేదు. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై అందరూ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లే కావచ్చు. ఇంటిపేరు గేటు వరకే తీసుకెళ్తుంది. లోపల ఆడాల్సింది తనే కదా. నాకు ఈ పోలికే తప్పు అనిపిస్తోంది. మీరేమంటారు?

లాస్య_ఆస్టిన్

రవి అంకుల్, మీ అబ్బాయి తరఫున నేను మాట్లాడతాను. నేను అక్కడే మూడో సంవత్సరం చదువుతున్నాను.

మీరు విన్స్ చివరి మ్యాచ్‌ను తీసుకొచ్చి ఆర్చ్ స్టార్టర్‌గా ఆడిన మొదటి సంవత్సరం పక్కన పెడుతున్నారు. పోలిక అక్కడే పక్కదారి పట్టింది. విన్స్‌కు కూడా ఒక 2004 ఉంది. ఆ సంవత్సరం అతను వేసిన టచ్‌డౌన్ పాసులు 12, ప్రత్యర్థుల చేతుల్లో పెట్టినవి 11. అక్టోబర్‌లో ఓక్లహోమా మీద టెక్సస్‌కు ఒక్క పాయింట్ కూడా రాలేదు, 12–0తో ఓడింది. తర్వాతి వారం మిసోరి మీద గెలిచారు కానీ మధ్యలో అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. చేయి పక్కకు తిప్పి విసురుతాడు, ఇతను క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు, పాసులు పట్టే రిసీవర్‌గా మార్చండి అన్నవాళ్లు ఉన్నారు. నేను అప్పటికి పుట్టలేదు, కానీ ఆ మ్యాచ్‌లు ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు.

సరిగ్గా ఆ మాటలే 2025 సెప్టెంబర్‌లో ఆర్చ్ మీద విన్నాను. చేయి పక్కకు తిప్పుతున్నాడు, భుజం నొప్పేమో, పేరు తప్ప ఏమీ లేదు అని. యూటెప్ (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) జట్టుతో మ్యాచ్ రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. 25 పాసులు వేస్తే 11 మాత్రమే అందాయి. గెలుస్తున్న మ్యాచ్‌లో మన సొంత జనమే గేలి చేశారు. 21 ఏళ్ల కుర్రాడు తల దించుకుని బెంచ్ వైపు నడుస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు అరిచినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత ఏం చేశాడో కూడా చెప్పాలి కదా. డాలస్‌లో ఓక్లహోమా మీద 23–6. మిసిసిపీ స్టేట్ మీద చివరి క్వార్టర్‌లో 38–21తో వెనకబడి ఉన్న జట్టును ఓవర్‌టైం దాకా లాక్కొచ్చాడు, అక్కడ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. అయినా తర్వాతి వారమే వాండర్‌బిల్ట్ మీద ఆడి గెలిపించాడు. నవంబర్ చివర్లో ఒక్క ఓటమీ లేకుండా ఆస్టిన్ వచ్చిన టెక్సస్ ఏ అండ్ ఎంను 27–17తో ఓడించారు. సీజన్ మొత్తానికి మూడు వేల గజాలు దాటాడు, టచ్‌డౌన్ పాసులు 26. విన్స్ 2005లో వేసినవీ 26.

షుగర్‌ల్యాండ్_రవి

అమ్మా లాస్యా, 26, 26 అని పక్కపక్కన రాస్తే బాగానే ఉంటుంది. కానీ 2004లో నువ్వు చెప్పిన ఆ ఓక్లహోమా ఓటమి తర్వాత విన్స్ కాలేజీలో మళ్లీ ఓడలేదు. వరసగా 20 గెలుపులు. ఆ లెక్క పక్కన ఏది పెడతావు?

మాస్టారు_గుంటూరు

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్‌లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైర్ అయ్యాను. మా అమ్మాయి దగ్గరికి, ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్‌కు వచ్చి మూడు నెలలైంది. ఈ ఆట ఇక్కడికి వచ్చాకే చూస్తున్నాను. నాలుగో డౌన్ అంటే అంత గొప్ప ఎందుకైందో ఎవరైనా కాస్త విడమరచి చెప్పగలరా?

డాలస్_శ్రీను

మాస్టారూ, పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఒక్కో అవకాశం ఒక డౌన్. నాలుగోదీ పోతే బంతి అవతలి జట్టుకు వెళ్లిపోతుంది. అందుకే నాలుగోసారి చాలామంది సాహసం చేయరు, బంతిని దూరంగా తన్నేస్తారు. ఆ రాత్రి విన్స్‌కు ఆ దారి లేదు. తన్నితే ఆట అయిపోయినట్టే. ఇంకో అయిదు గజాలు రావాలి, అతను ఎనిమిదీ తీసుకుని, టచ్‌డౌన్ అయ్యే చోటైన ఎండ్ జోన్‌లోకే వెళ్లిపోయాడు.

అయితే రవన్నా, అసలు ఆ బంతి విన్స్ చేతికి ఎలా వచ్చిందో మీరు వదిలేశారు. అంతకు రెండు నిమిషాల ముందు సదరన్ కాలిఫోర్నియాదీ ఒక నాలుగో డౌన్. రెండు గజాలు తెచ్చుకుంటే మ్యాచ్ వాళ్లదే. లెండేల్ వైట్ చేతికి బంతి ఇచ్చారు. మైకేల్ హఫ్, తోటి డిఫెన్స్ వాళ్లు కలిసి అతన్ని ఆపేశారు. అది జరగకపోతే మనం ఇవాళ విన్స్ గురించి వేరే రకంగా మాట్లాడుకునేవాళ్లం. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు లైన్‌లో జస్టిన్ బ్లేలాక్, జొనాథన్ స్కాట్ లాంటి గోడలు ఉండేవి. డేవిడ్ థామస్ ఆ మ్యాచ్‌లో పది పాసులు పట్టాడు.

ఆర్చ్ ముందున్న లైన్ చూడండి. ఫ్లోరిడాలో ఆరుసార్లు పడగొట్టారు. బంతి చేతికొచ్చి ఊపిరి తీసుకునేలోపే మీద పడుతున్నారు. అలాంటి చోట విన్స్ అయితే తప్పించుకునేవాడేమో, ఒప్పుకుంటాను. పరుగులో విన్స్‌కు సాటి ఆర్చ్ కాడు. కానీ ఓటమి మొత్తం ఒక్కడి ఖాతాలో రాయకండి.

వనజ_కేటీ

మీరంతా గజాలు లెక్కపెడుతున్నారు. నాకు ఇందులో కనబడేది వేరే.

మేము 1998 నుంచి హ్యూస్టన్‌లో ఉన్నాం. పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్లే రోజుల్లో దారి తప్పి ఒకసారి ఆ హిరామ్ క్లార్క్ వీధుల్లోంచి వెళ్లాం. డబ్బున్న ప్రాంతం కాదు. విన్స్‌ను అమ్మ, అమ్మమ్మ పెంచారు. ఏడేళ్ల వయసులో సైకిల్ తొక్కుతుంటే కారు గుద్దింది, హ్యాండిల్ కడుపులో దిగింది. బతకడమే కష్టమన్న పిల్లాడు ఆ ఊరి పేరు నిలబెట్టాడు. అందుకే హ్యూస్టన్ వాళ్లకు అతను ఇంట్లో పిల్లాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, అలాగే అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఆర్చ్ న్యూ ఆర్లీన్స్ అబ్బాయి. మంచివాడే. కానీ అతను హైస్కూల్‌లో ఉండగానే దేశమంతా అతని పేరు తెలుసు. ఇప్పుడు ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు కూడా సంపాదించుకోవచ్చు, 2021 జులై నుంచి నిబంధన మారింది. విన్స్ రోజుల్లో ఒక ప్రకటనలో కనబడి డబ్బు తీసుకున్నా ఆట నుంచి తీసేసేవారు. ఏమీ లేని చోటు నుంచి వచ్చినవాడిని, అన్నీ ఉన్న చోటు నుంచి వచ్చినవాడిని ఒకే కొలతతో కొలవడం నా మనసుకు రాదు.

లాస్య_ఆస్టిన్

వనజ ఆంటీ, సొంత ఊరి ప్రేమ నాకూ అర్థమవుతుంది. కానీ ఆర్చ్‌కు ముందు మన క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ టెక్సస్ వాడే కదా, డాలస్ దగ్గర సౌత్‌లేక్‌లో ఆడినవాడు. జట్టును రెండేళ్లు వరసగా ప్లేఆఫ్ సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు. అతన్ని మనవాళ్లు ఇంట్లో పిల్లాడిలా చూశారా? ఒక పాస్ తప్పితే చాలు, ఆర్చ్‌ను దింపండి అని అరిచేవారు. అదే జనం ఏడాది తిరగకుండా ఆర్చ్‌ను గేలి చేశారు.

డబ్బు మాట సరే. ఆ డబ్బు వల్లే ఇంకోటి కూడా జరిగేది, జరగలేదు. ఇవాళ ఏ కుర్రాడైనా ఒక సీజన్ బెంచ్ మీద కూర్చుంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోతాడు. ఆర్చ్ అడిగితే తలుపు తీయని కాలేజీ దేశంలో లేదు. 2023, 2024 రెండేళ్లు క్విన్ వెనక కూర్చున్నాడు. క్విన్‌కు దెబ్బ తగిలినప్పుడు రెండు మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు, అతను కోలుకోగానే మారుమాట లేకుండా మళ్లీ పక్కకు జరిగాడు. 2026లో కూడా ఇక్కడే ఆడతానన్నాడు. అన్నీ ఉన్నవాడు ఓపిక పట్టడం చిన్న విషయం కాదు ఆంటీ.

డాలస్_శ్రీను

ఈ మాటకు నా ఓటు లాస్యకే.

మాస్టారు_గుంటూరు

శ్రీను గారికి కృతజ్ఞతలు. మా మనవడు నిన్న నాకు ఇద్దరి వీడియోలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ నేర్పిన కళ్లతో చూశాను, తప్పుంటే మన్నించండి.

విన్స్ అనే అబ్బాయి పరుగెత్తుతుంటే తొందర కనబడదు. పొడుగు అంగలు. ఎదుటివాడు దగ్గరికొచ్చేదాకా మామూలుగా ఉండి, చివరి క్షణంలో జారిపోతాడు. కబడ్డీలో మంచి రైడర్ చేసేదీ అదే, కాలు చూపించి చేయి అందనివ్వడు. అది నేర్పితే వచ్చేది కాదు. నేను వందలమంది పిల్లలను చూశాను, అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఆర్చ్ సంగతి వేరు. సెప్టెంబర్ వీడియోలో అతని పాదాలు నిలకడగా లేవు. మీద పడతారేమోనని ముందే వెనక్కి జరుగుతున్నాడు, బంతి అందుకే ఎటో వెళ్తోంది. నవంబర్ వీడియోలో పాదాలు నేలమీద కుదురుకున్నాయి. దెబ్బ తగులుతుందని తెలిసి కూడా నిలబడి విసురుతున్నాడు. రెండు నెలల్లో అంత మార్పు రావాలంటే రోజూ గంటలు గంటలు పని చేసి ఉండాలి. ఉపాధ్యాయుడిగా నాకు నచ్చే విద్యార్థి ఇతను. అయితే రవి గారు అడిగినది ఎవరు నచ్చారని కాదు, ఎవరు గొప్ప అని. దానికి నా జవాబు ఇప్పటికి విన్స్.

షుగర్‌ల్యాండ్_రవి

మాస్టారూ, మీ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు నవంబర్ మాట పట్టుకున్నాడు, నేను చివరి వాక్యం పట్టుకున్నాను.

లాస్యా, ఒక విషయంలో నువ్వు చెప్పింది నిజం. నిన్న రాత్రి కూర్చుని 2004 మిసోరి మ్యాచ్ మళ్లీ చూశాను. నా జ్ఞాపకంలో ఆ విన్స్ లేడు. అప్పుడు మేం కూడా అతన్ని దింపేయమన్నాం. మా గదిలో నేనే గట్టిగా అన్నాను. ఇరవై ఏళ్లుగా ఆ మాట మర్చిపోయి, రోజ్ బౌల్ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను. యూటెప్ మ్యాచ్‌లో గేలి చేసినవాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. కోచ్ మాక్ బ్రౌన్ ఆ రోజు మా మాట విని ఉంటే పాసడీనాలో ఆ రోజ్ బౌల్ రాత్రే ఉండేది కాదు.

కాబట్టి ఆర్చ్ 2025ను విన్స్ 2004 పక్కన పెట్టి చూస్తాను. అక్కడ ఆర్చ్ ఏమీ తీసిపోడు, పాసుల్లో మెరుగే. కానీ విన్స్ ఆ తర్వాతి సంవత్సరం కొలంబస్ వెళ్లి ఒహాయో స్టేట్‌ను వాళ్ల గడ్డ మీదే 25–22తో ఓడించాడు. ఆర్చ్ అదే మైదానంలో 14–7తో ఓడి వచ్చాడు. ఇప్పుడు వాళ్లు 2026 సెప్టెంబర్‌లో ఆస్టిన్ వస్తున్నారు. ఆ మ్యాచ్ అయ్యేదాకా విన్స్ పక్కన కుర్చీ ఖాళీగానే ఉంచుతాను. మా అబ్బాయి, నేను ఇద్దరం వెళ్తున్నాం. వాడు ఆర్చ్ వేసుకునే 16 నంబర్ జెర్సీ వేసుకుంటాడట. నాది విన్స్ నంబర్, 10.

మాస్టారు_గుంటూరు

నేను మార్చిలో గుంటూరు వెళ్లిపోతున్నానండి. ఆ మ్యాచ్ మాకు ఎన్ని గంటలకు వస్తుంది?

లాస్య_ఆస్టిన్

ఇక్కడ సాయంత్రం ఏడింటికి పెడితే మీకు ఆదివారం తెల్లవారుజామున అయిదున్నర, మాస్టారూ. టైం ఖాయం కాగానే ఇక్కడే రాస్తాను.