ఆంక్షల జాబితా చూసుకోవలసింది ఎగుమతిదారా, ప్రభుత్వమా?

టెక్కలి రాయి:
మా బావగారు టెక్కలి నుంచి నీలి గ్రానైట్ బ్లాకులు విశాఖ రేవు మీదుగా పంపుతారు. ఈమధ్య దుబాయ్ కొనుగోలుదారు డాలర్లలో కట్టిన సొమ్మును బ్యాంకు ఆరు వారాలు ఆపి, ఆ కంపెనీలో వాటాదారులెవరు, సరుకెక్కిన ఓడకు పాత పేర్లేమిటి అని అడిగింది. తీరా చూస్తే ఓడ పేరు లావాదేవీలు జరపరాదని అమెరికా పెట్టిన ఆంక్షల జాబితాలోని మరో ఓడ పేరును పోలి ఉందట. పేరు ఎన్నిసార్లు మారినా మారని ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) సంఖ్య ప్రతి పెద్ద ఓడకూ ఉంటుందని, సరుకు ఓడెక్కిందని ఇచ్చే రసీదు బిల్ ఆఫ్ లేడింగ్‌తో పాటు అదీ రాసిస్తే అనుమానం త్వరగా తీరుతుందని ఏ కార్యాలయమూ మాకు చెప్పలేదు. ఈ మాత్రం చెప్పడం ప్రభుత్వం పని కాదా?

విజయనగరం విశ్రాంత బ్యాంకరు:
మీ ఇబ్బంది నిజమేనండి, కాని మన ప్రభుత్వం అమలు చేసే ఆంక్షలు వేరు, మీ సొమ్మును ఆపినవి వేరు. మన దేశం చట్టబద్ధంగా పాటించేది ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆంక్షలనే. అందుకు 1947 నాటి ఐక్యరాజ్యసమితి (భద్రతామండలి) చట్టం, ఉగ్రవాద నిరోధానికి వాడే ఉపా చట్టంలోని 51ఏ సెక్షను, సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టంలో 2022లో చేర్చిన 12ఏ సెక్షను ఉన్నాయి. అమెరికా ఖజానా శాఖకు చెందిన ఓఫాక్ (విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం) జాబితా ఇక్కడ చట్టం కాదు. డాలరు చెల్లింపు సాధారణంగా న్యూయార్కు బ్యాంకుల గుండా వెళ్ళాలి గనుక, అక్కడ తమకున్న ఖాతా పోతుందన్న భయంతో మన బ్యాంకులే దాన్ని పాటిస్తాయి. గుర్తించని ఆంక్షలకు ప్రభుత్వమే మార్గదర్శిని అచ్చువేస్తే ఒప్పుకున్నట్టే కదా?

టెక్కలి రాయి:
ఒప్పుకోకపోతే ఎదిరించాలి. ఐరోపా సమాఖ్య 1996లోనే అమెరికా ఆంక్షల్లో కొన్నింటిని తమ కంపెనీలు పాటించరాదని శాసనం చేసింది. (2018లో అమెరికా ఆంక్షలకు జంకి ఇరాన్ నుంచి పెద్ద ఐరోపా కంపెనీలు తప్పుకున్న తీరు చూస్తే దాని బలమెంతో తెలుస్తుంది, అది వేరే మాట.) బ్రిటన్‌లో 2016లో పెట్టిన కార్యాలయం తమ ఆర్థిక ఆంక్షలు అమలు చేస్తూనే వ్యాపారులకు మార్గదర్శకాలూ ఇస్తుంది. మనకు అదీ లేదు, ఇదీ లేదు.

రేవు గుమాస్తా, శ్రీకాకుళం:
బ్రిటన్ పోలిక సరిపోదు. అక్కడ ఆంక్ష విధించేదీ వివరించేదీ ఒకే ప్రభుత్వం. పైగా జాబితాలో పేరు లేనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. జాబితాకెక్కినవారికి సగం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీని కూడా ఓఫాక్ నిషిద్ధంగానే చూస్తుంది. దుబాయ్‌లో ఎవరి వాటా ఎంతో టెక్కలి క్వారీ యజమానికి ఎలా తెలుస్తుంది? రిజర్వు బ్యాంకు 2022 జూలైలో తెచ్చిన రూపాయి చెల్లింపుల పద్ధతి ఉంది గాని, డాలర్లకు అలవాటుపడిన కొనుగోలుదారు రూపాయలు ఎందుకు కడతాడు? కాబట్టి విశాఖలోని విదేశీ వాణిజ్య కార్యాలయం కనీసం బ్యాంకులు అడిగే కాగితాల పట్టికైనా తెలుగులో ఇవ్వాలి. అందులో అమెరికా పేరెత్తనవసరమే లేదు.

విజయనగరం విశ్రాంత బ్యాంకరు:
పేరెత్తని పట్టికకైతే నాకు అభ్యంతరం లేదు. అయితే దాన్ని ఇవ్వవలసింది విదేశీ వాణిజ్య కార్యాలయం కాదు, బ్యాంకులే. సొమ్ము ఆపేది అవి గనుక, ఏ కాగితం లేక ఆపుతాయో సరుకు ఓడెక్కకముందే చెప్పమని రిజర్వు బ్యాంకు వాటిని ఆదేశించాలి.