షోతెన్‌గాయ్‌ని తెలుగులో ఏమందాం?

ఒసాకాలో తిరిగిన రోజుల గురించి రాసుకుంటూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. తెన్‌జిన్‌బాషి-సుజి అని ఒక వీధి. పొడవు 2.6 కిలోమీటర్లు, రెండు వైపులా కలిపి 600 దాకా కొట్లు, నెత్తిన కప్పు. ఆ రోజు వాన. అడ్డరోడ్లు దాటేటప్పుడు తప్ప గొడుగు విప్పే పనే పడలేదు. వేడివేడి కొరొక్కె (మన ఆలూ కట్లెట్‌కి చుట్టమే) కాగితం సంచిలో పెట్టిచ్చిన పెద్దావిడ "మైదో!" అంది. మాటకు మాట చూస్తే "ప్రతిసారీ" అని. నేను వెళ్లిందేమో మొదటిసారి. అయినా వాడుకగా వచ్చేవాళ్ల లెక్కలో కలిపేసుకుంది.

ఇలాంటి వీధిని వాళ్లు షోతెన్‌గాయ్ అంటారు. షో అంటే వ్యాపారం, తెన్ అంటే కొట్టు, గాయ్ అంటే వీధి. "అంగడి వీధి" అని రాసేశాను. రాశాక అనుమానం మొదలైంది. మీరేమంటారు?

కరీంనగర్ నుంచి:
అంగడి వద్దండి. మా దిక్కు అంగడి అంటే వారానికోసారి జరిగే సంత. "అంగడి వీధి" అని చదివితే నాకు గంపలు, మేకలు, తెల్లారేసరికి ఖాళీ అయ్యే మైదానం కనబడతాయి. మీరు చెప్పేది రోజూ తెరిచే దుకాణాలు కదా.

కడప నుంచి:
మాకు అంగడంటే కొట్టే. సందు చివర ఒక్కటే ఉన్నా అంగడే. పక్కన వీధి చేరిస్తే సరిగ్గా అతికింది. "అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని" అన్నప్పుడు మీకు సంత కనిపిస్తుంది, మాకు మూలమీద కొట్టు కనిపిస్తుంది. అల్లుడికి మాత్రం ఎక్కడైనా అదే గతి.

బందరు నుంచి:
కప్పు సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? బెజవాడ బీసెంట్ రోడ్డు కూడా మీరు చెప్పే అంగడి వీధే, ఎండకు మాడు పగులుతుంది. "పందిరి బజారు" అంటే ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగిన నేనే:
పందిరి నాకూ తట్టిందండీ. కానీ పెళ్లికి వేసి మూడోనాడు విప్పేసేదే గుర్తొస్తోంది. అదీగాక షోతెన్‌గాయ్ అనే మాటలో కప్పు లేదు. కప్పు లేని వీధులూ షోతెన్‌గాయ్‌లే. కప్పును విడిగా "ఆకేదో" అంటారు, ఇంగ్లీషు ఆర్కేడే ఆ వేషంలో ఉంది.

అయితే ఒక తమాషా. కితాక్యూషూ నగరం కొకురాలో 1951లో కప్పు వేసుకున్న ఉఓమాచి వీధి పేరు గిన్‌తెన్‌గాయ్. ఇందులోనూ తెన్ ఉంది, గాయ్ ఉంది. పలుకు అదే, రాసే అక్షరం వేరు. కొట్టు అనే తెన్ తీసేసి ఆకాశం అనే తెన్ పెట్టారు. గిన్ అంటే వెండి. మొత్తం కలిపితే వెండి ఆకాశం కింద వీధి. మన పందిరి దీని ముందు వెలవెలబోయింది.

కరీంనగర్ నుంచి:
ఇది అచ్చం మన శ్లేష! ఇంక అనువాదం జోలికి పోకండి. షోతెన్‌గాయ్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "దుకాణాల వీధి" అని చెప్పేయండి.

కడప నుంచి:
దుకాణం ఎందుకు, అంగడి ఉండగా.

ప్రశ్న అడిగిన నేనే:
షోతెన్‌గాయ్ అనే ఉంచేస్తాను, మీ ఇద్దరికీ గొడవ లేకుండా. ఇంకొక్కటి. మరో చిన్న ఊరి షోతెన్‌గాయ్‌లో సగం షట్టర్లు దించే ఉన్నాయి. అలాంటి వీధులకు "షత్తా-గాయ్" అనే పేరే పడింది. షట్టర్ల వీధి.

బందరు నుంచి:
"కొట్లు కట్టేశారు" అని రాయండి, సరిపోతుంది.

కరీంనగర్ నుంచి:
ఆ రాత్రికి కట్టేశారా, మొత్తానికి కట్టేశారా?

ప్రశ్న అడిగిన నేనే:
జపాన్‌లోనూ ఇదే తిరకాసు. కొట్టు గుమ్మానికి వేలాడదీసే గుడ్డతెరను నోరెన్ అంటారు. కొట్టు పేరు దానిమీదే ఉంటుంది. పొద్దున తగిలిస్తారు, రాత్రి తీసేస్తారు. "నోరెన్ దించారు" అంటే ఆ రోజుకి మూసినట్టూ అవుతుంది, వ్యాపారం మానుకున్నట్టూ అవుతుంది. ఆ ఊళ్లో నేను వెతుక్కుంటూ వెళ్లిన మిఠాయి కొట్టుకు నోరెన్ లేదు. నేను చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. కాబట్టి "కట్టేశారు" అనే రాస్తున్నాను.