పాత జీపు: 55 దాటితే నేల వణుకు, క్లచ్ వదిలితే "ఠంగ్". హౌసింగ్ విప్పాల్సిందేనా?

పాతజీపు:
బాబాయి వాడి వదిలేసిన జీపు నా చేతికొచ్చి ఏడాదిన్నర అయింది. ఫోర్ వీల్ వేయాలంటే కిందికి దిగి ముందు చక్రాల మధ్యనుండే హబ్‌లు (చక్రాన్ని ఆక్సిల్‌కు కలిపే, విడదీసే బిళ్ళలు) చేత్తో తిప్పాలి, తర్వాత లోపల చిన్న లివర్ లాగాలి. అంత పాతది. నేను ఎక్కువగా టూ వీల్‌లోనే నడుపుతాను, హబ్‌లు ఫ్రీలోనే ఉంటాయి.

55 దగ్గర మొదలై కాళ్ల కింద రేకు జుమ్మంటుంది. స్టీరింగ్ మాత్రం కదలదు. అద్దంలో వెనక వచ్చే బండి రెండుగా కనపడుతుంది, అంత సన్నటి వణుకు. ఇది కాక ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదలగానే కింద "ఠంగ్". కాలు తీసి మళ్ళీ తొక్కినా అదే. మెకానిక్ కింద దూరి వెనక షాఫ్ట్, అదే ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే పొడవాటి గొట్టం, అటూ ఇటూ తిప్పి, "క్రౌన్ పినియన్ పోయింది, హౌసింగ్ దించాలి" అన్నాడు. హౌసింగ్ అంటే వెనక చక్రాల మధ్యనుండే గుండు, క్రౌన్ పినియన్ దాని లోపలి పళ్ళ చక్రాలు. హౌసింగ్ నుంచి ఊళ అయితే లేదు. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, తేడా రాలేదు. అంతా విప్పించాక కూడా వణుకు అలాగే ఉంటే ఏం చేయాలన్నదే నా టెన్షన్.

గ్రీజుచేతులు:
ఆగండి, ఇప్పుడే విప్పించకండి. ఖాళీ రోడ్డు మీద 60లో టాప్ గేర్‌లో పోండి. తర్వాత అదే 60లో మూడో గేర్, ఆ తర్వాత న్యూట్రల్. గేర్ మారినా వణుకు మారకపోతే ఇంజన్‌నీ క్లచ్‌నీ వదిలేయొచ్చు, తప్పు ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ వెనక, ముందు వెనక షాఫ్ట్‌లకు శక్తి పంచే పెట్టె) నుంచి వెనక్కి ఎక్కడో ఉంది.

వణుకు ఎంత సన్నగా ఉందన్నదీ ముఖ్యమే. మీ సైజు టైరు 60లో సెకనుకు ఏడెనిమిది సార్లు తిరుగుతుంది. టైరు తప్పయితే దడదడమని ఎత్తేసినట్టుంటుంది. హౌసింగ్ రేషియో 4, అంటే షాఫ్ట్ నాలుగు చుట్లకు చక్రం ఒక చుట్టు అనుకుంటే షాఫ్ట్ సెకనుకు 30 సార్లు తిరుగుతుంది. మీరు చెప్పిన "జుమ్" షాఫ్ట్‌దే అనిపిస్తోంది.

ఒకటి అడగాలి. ఈ మధ్య షాఫ్ట్ ఎవరైనా విప్పారా?

పాతజీపు:
మూడు గేర్లలోనూ ఒకేలా ఉంది అన్నా. షాఫ్ట్ అంటే, ఆరు నెలల కిందట దాని వెనక చివర క్రాస్ (షాఫ్ట్ వంగి తిరగడానికి కీలులా ఉండే ముక్క) ఒకటి మార్పించాను. వణుకు అప్పటి నుంచేనా అంటే... ఇప్పుడు ఆలోచిస్తే అవుననే అనిపిస్తోంది.

గ్రీజుచేతులు:
అయితే కింద దూరి చూడాల్సిందే. షాఫ్ట్ రెండు చివర్లా యోక్ (క్రాస్‌ను పట్టుకునే చీలిక) చెవులు ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ వంపులో తిరిగేటప్పుడు క్రాస్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. అవతలి చివర క్రాస్ ఆ తేడాను సరిచేస్తుంది, కానీ చెవులు వరసలో ఉంటేనే. జారే స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలూ పన్నుల మీద ఒకదానిలో ఒకటి జారే చోటు) విప్పి పక్క పన్నులో దూర్చేస్తే ఆ తేడా సరికాక షాఫ్ట్ వణుకుతుంది. కొన్ని షాఫ్ట్‌లకు బాణం గుర్తులుంటాయి, మట్టి గీకి చూడండి.

ముసలి మేస్త్రి:
కింద దూరే ముందు ఒక మాట బాబూ. చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ పట్టేది చక్రాన్ని కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్‌ను. వెనక చక్రం ఒకటి జాకీతో లేపావా, బ్రేక్ లాగి ఉన్నా బండి దొర్లుతుంది. షాఫ్ట్ విప్పితే బ్రేకే లేనట్టు. గేర్ వేసుంది కదా అంటావేమో, అదీ ఆ షాఫ్ట్ దాటి చక్రాన్ని చేరదు. నేలమీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టు. నా కాలి బొటనవేలు ఈ పాఠం నేర్చుకుంది.

ఇక ఆ "ఠంగ్". షాఫ్ట్ తిప్పితే ఆట ఉందని క్రౌన్ పినియన్ మీదకు తోసేయకూడదు. క్రాసుల్లో కొంచెం, స్ప్లైన్‌లో కొంచెం, ఆక్సిల్ చివర కొంచెం, అన్నీ కలిసి అంతవుతుంది. ఒక చెయ్యి యోక్ మీద, ఒక చెయ్యి షాఫ్ట్ మీద వేసి ఎదురెదురుగా తిప్పు. ఆ రెంటి మధ్య కదిలితే క్రాసే. క్రాస్ కొనలకు తొడిగిన బేరింగ్ కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపల గ్రీజు ఎండినట్టే, ఇక అడగక్కర్లేదు.

హౌసింగ్ మీద అనుమానం తీరకపోతే ఆయిల్ దింపి చూడు. దింపే రంధ్రం మూతకుండే అయస్కాంతం బిళ్ళకు బూడిదరంగు పేస్టు అంటుకుంటే మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే మెకానిక్ మాట నిజం. కానీ ముందు ఆయిల్ పోసే రంధ్రం బిళ్ళ ఊడుతుందో లేదో చూశాకే దింపే బిళ్ళ విప్పు.

పాతజీపు:
ఆదివారం చూశాను. వైరు బ్రష్‌తో గీకితే బాణాలు కనిపించాయి, రెండూ ఎదురెదురుగా లేవు. చెవుల మధ్య తేడా నా బొటనవేలు వెడల్పు ఉంది. స్ప్లైన్ లాగి, గ్రీజు పెట్టి, వరసలో దూర్చాను. 70 దాకా పోయాను, అద్దంలో బండి ఒక్కటే కనపడింది!

"ఠంగ్" సగం తగ్గింది. మేస్త్రిగారు చెప్పినట్టు తిప్పి చూస్తే ముందు వైపు క్రాస్, అంటే ఆరు నెలల కిందట మార్చకుండా వదిలేసినది, కదులుతోంది. కప్పు దగ్గర ఎర్ర పొడి కూడా ఉంది. కొత్త క్రాస్ తెచ్చాను. ఆయిల్‌లో పేస్టు తప్ప ముక్కల్లేవు. పోసే బిళ్ళ మాత్రం గంటసేపు ఏడిపించింది.

ముసలి మేస్త్రి:
క్రాస్ కొట్టేటప్పుడు కప్పులో సూదులు (బేరింగ్‌లోని సన్నటి కడ్డీలు) పడిపోకుండా గ్రీజు దట్టించు. ఒక్క సూది అడ్డం పడినా కప్పు లోపలికి పూర్తిగా కూర్చోదు.