సీమచింతా, చీమచింతా?

ప్రశ్న: ఎండలు ముదిరేసరికి మెహిదీపట్నంలో బండ్ల మీదకు వచ్చే మెలికల కాయలను కొందరు చీమచింత అంటారు, కొందరు సీమచింత అంటారు. ఏది సరి? తీపికి చీమలు పడతాయని ఆ పేరా?

జవాబు: సీమచింతే అండీ, చీమలకు సంబంధం లేదు. సంస్కృతంలో సీమ అంటే హద్దు. హద్దు లోపలి నేలకూ అదే పేరై కోనసీమ, పలనాటిసీమ వచ్చాయి. దొరలొచ్చాక వాళ్ళ దేశమే 'సీమ' అయింది. 'సీమకు పోయాడు' అంటే ఇంగ్లండుకు పోయాడని. ఆ తర్వాత పైదేశం నుంచి ఏది దిగినా సీమదే. ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. 1565 నుంచి మెక్సికో రేవు అకపుల్కోకూ, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మధ్య స్పెయిన్ ఓడలు నడిచాయి. ఇంగ్లీషులో దీన్ని మనీలా టామరిండ్ అనేది అందుకే. 'వాడు చేసె' అన్నది 'వాడు సేసె' అయ్యే గసడదవాదేశం మనకు అలవాటే కదా, సీమ కూడా అలా మారిందేననుకుని, దిద్దబోయి చీమ చేశారని నా అభిప్రాయం.

ఇంకో జవాబు: ఉర్దూ, హిందీల్లో దీని పేరు విలాయతీ ఇమ్లీ. విలాయత్ అంటే అరబ్బీలో ఒకరి ఏలుబడిలోని ప్రాంతం. ఇక్కడికొచ్చి అదీ ఇంగ్లండే అయింది. సీమ నడిచిన దారే! తెల్ల సిపాయిలు స్వదేశాన్ని 'బ్లైటీ' అనుకున్నదీ ఈ మాట నుంచే.

ప్రశ్న: మరి చింత అని ఎందుకు? పులుపు లేదే.

జవాబు: కాయ పోలికండీ. చెట్లు కలగాపులగం కాకుండా ఆకు చూడండి. సీమచింతకు ఒక్కో ఆకుకు నాలుగే చిట్టి రెక్కలు, ఆకు మొదలు దగ్గర జంట ముళ్ళు. చింతకు పది జతలు, ఆపైన, ముళ్ళుండవు. సీమచింతకాయ పండితే ఎర్రబడి మెలితిరిగి పగులుతుంది, నల్లటి గింజ చుట్టూ తెల్లటి గుజ్జు కనబడుతుంది. పచ్చిగా తింటే వగరు గొంతు పట్టేస్తుంది.

అన్నట్టు, మనదనుకునే చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే. అరబ్బులు మాత్రం దాన్ని 'తమ్ర్ హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. టామరిండ్ అన్న మాట అందులోంచే పుట్టింది.

ప్రశ్న: సీమవంకాయా ఇంతేనా?

జవాబు: అంతే, అదీ మెక్సికోదే. కాకపోతే వంగజాతి కాదు, సొర, బీరల చుట్టం. నిలువునా కోస్తే లోపల ఒక్కటే చదును గింజ ఉంటుంది.