ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్) సెషన్ మధ్యలో బిగుసుకుపోతోంది, మీకూ ఇలా అయిందా?

రాత్రిషిఫ్ట్:
పది రోజులుగా ఇదే బాధ. హైదరాబాద్‌లో ఇంటి నుంచి వీపీఎన్ (నెట్‌లో భద్రమైన దారి) మీద క్లయింట్ వర్చువల్ మెషీన్‌లోకి, అంటే వాళ్ళ సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌లోకి, వెళ్తున్నాను. పావుగంట బాగానే ఉంటుంది. తర్వాత స్క్రీన్ ఉన్నచోటే ఆగిపోతుంది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, కనెక్షన్ తెగిందన్న మెసేజూ రాదు. మొన్న నెలాఖరు రిపోర్ట్ నడుస్తుండగా ఆగేసరికి టెన్షన్‌లో అడ్మిన్‌తో మెషీన్ రీస్టార్ట్ చేయించాను. మూడు గంటల పని పోయింది.

గోదారిగట్టు:
అయ్యో, రీస్టార్ట్ దాకా వెళ్ళకుండా ఉండాల్సిందండి. ఈసారి ఆగితే విండో మూసేసి మళ్ళీ కనెక్ట్ అవ్వండి. మూస్తే సెషన్ డిస్‌కనెక్ట్ అవుతుందే గానీ సైన్ అవుట్ అవ్వదు. అడ్మిన్ టైమ్ లిమిట్ పెట్టి ఉండకపోతే లోపల ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి. నా పని చాలాసార్లు వదిలినచోటే దొరికింది.

సర్వర్‌గది:
అడ్మిన్ వైపు నుంచి చెప్తాను. ఇలాంటి టికెట్ వస్తే ముందు హైపర్-వీలో (వర్చువల్ మెషీన్లను నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) ఆ మెషీన్ కన్సోల్, అంటే దాని సొంత స్క్రీన్, తెరుస్తాను, ఎన్‌హాన్స్‌డ్ సెషన్ అనే మోడ్ ఆపేసి మరీ. ఆ మోడ్ కూడా ఆర్‌డీపీయే కాబట్టి ఆపకపోతే ఏమీ తేలదు. కన్సోల్‌లో మౌస్ కదిలిందంటే మెషీన్ బాగానే ఉంది, తేడా నెట్‌వర్క్ దారిలోనో ఆ సెషన్‌లోనో ఉంది. కదలకపోతే సీపీయూ, మెమరీ, డిస్క్ చూడాలి. ఒక్క సెషనే మొండికేస్తే 'క్వెరీ సెషన్' కమాండ్‌తో ఐడీ చూసి దాన్నొక్కదాన్నే లాగాఫ్ చేస్తాను. మిగతావాళ్ళ పని పోదు.

మీది దారి గొడవలాగే ఉంది. ఆర్‌డీపీ 8 నుంచి టీసీపీతో (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) పాటు యూడీపీ (చూసుకోకుండా వేగంగా పంపే పద్ధతి) కూడా వాడుతుంది, రెంటికీ పోర్టు 3389. కొన్ని వీపీఎన్‌లలో యూడీపీ ప్యాకెట్లు మధ్యలోనే పోతాయి, కనెక్షన్ మాత్రం తెగినట్టు కనపడదు. మీ ల్యాప్‌టాప్ గ్రూప్ పాలసీలో (విండోస్ సెట్టింగులు మార్చే చోటు), రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్ కింద, 'టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్' ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చెయ్యండి. పేరులో 'ఆఫ్' ఉంది కదా, ఎనేబుల్ చేస్తేనే యూడీపీ ఆగుతుంది. మా టీమ్‌లో ఇద్దరు తిరగేసి పెట్టి రెండు రోజులు తిప్పలు పడ్డారు.

డాలస్‌తెలుగు:
అవతల ఏ విండోస్? సర్వర్ 2025 అయితే అప్‌డేట్లు చూడండి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కేబీ5051987 అనే అప్‌డేట్ తర్వాత సెషన్లు ఇలాగే ఆగుతున్నాయని మైక్రోసాఫ్టే ప్రకటించింది. ఏప్రిల్‌లో కేబీ5055523తో సరిచేసింది.

రాత్రిషిఫ్ట్:
అవతల సర్వర్ 2019 అన్నా. యూడీపీ ఆపి నాలుగు రాత్రులైంది, ఒకే ఒక్కసారి ఆగింది. విండో మూసి తెరిస్తే రిపోర్ట్ ఇంకా నడుస్తోంది, ప్రాణం లేచొచ్చింది. గోదారిగట్టు గారూ, సర్వర్‌గది గారూ, చాలా థాంక్స్. పెద్ద ఎక్సెల్ షీట్ తెరిచినప్పుడు మాత్రం ఇంకా తడబడుతోంది.

గోదారిగట్టు:
వీపీఎన్ ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కు గరిష్ఠ సైజు) కూడా చూడండి. పింగ్ కమాండ్‌లో ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 1472 సైజుతో పంపండి. 28 బైట్ల హెడర్ కలిస్తే 1500 అవుతుంది. వెళ్ళకపోతే పదేసి తగ్గిస్తూ పోండి. ఏ అంకె దగ్గర జవాబొచ్చిందో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి చూద్దాం.