అర్జీ పెట్టే ముందు: బెంగళూరులో అరుదైన జబ్బుల పిల్లలున్న తెలుగువాళ్ళు ఒకసారి రండి

మున్నేకొళాల_అమ్మ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పదేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. బాబుకు ఏడేళ్ళు. జబ్బు పేరు గౌచర్, టైప్ 1. గోషే అని పలకాలట, రిపోర్టు చూసిన ప్రతివాళ్ళూ ఒక్కోలా చదువుతారు.

మూడేళ్ళప్పుడు పొట్ట ముందుకొచ్చి, ఊరికే ముక్కులోంచి రక్తం కారేది. మా అత్తగారు చూసి "బల్ల పెరిగింది, ఊరికి తీసుకురా, వాత పెట్టిస్తా" అన్నారు. వాత పెట్టించలేదు గానీ, ఆమె చెప్పింది తప్పు కాదు. స్ప్లీన్, అంటే ప్లీహం, నిజంగానే పెరిగింది. ఒంట్లో ఒక ఎంజైమ్ సరిగ్గా పనిచేయకపోవడం వల్ల అలా అయిందని తేలడానికి మాత్రం పద్నాలుగు నెలలూ అయిదుగురు డాక్టర్లూ పట్టారు.

ఇప్పుడు రెండు వారాలకోసారి ఎంజైమ్ డ్రిప్ ఎక్కిస్తున్నారు. పొట్ట తగ్గింది, స్కూలుకు వెళ్తున్నాడు. అరుదైన జబ్బుల కోసం కేంద్రం 2021లో తెచ్చిన పాలసీ కింద ఒక్కో రోగికి ఇచ్చే 50 లక్షల్లోంచి నడుస్తోంది. చిక్కేమిటంటే ఈ మందు డోసు బరువును బట్టి. వాడు పెరుగుతాడు, మందు పెరుగుతుంది, 50 లక్షలు పెరగదు. మొన్న కూర్చుని లెక్క వేస్తే వచ్చే ఏడాది మధ్యకల్లా అయిపోతుంది. అన్నం తినకపోతే కేకలేసేదాన్నీ నేనే, ఆసుపత్రిలో బరువు చూసేటప్పుడు అంకె పెరగకూడదని కళ్ళు మూసుకునేదాన్నీ నేనే.

పదకొండు కుటుంబాలం కలిసి ఒక అర్జీ రాద్దామనుకుంటున్నాం. ఎవరికి రాయాలి? ఏం అడగాలి? ఇంతకుముందు చేసినవాళ్ళు ఏది పనిచేసిందో, ఏది చెత్తబుట్టలోకి పోయిందో చెప్పండి. జాలి మాటలు వద్దు, అవి మా దగ్గర చాలా స్టాకున్నాయి.

అర్జీల_రాయుడు

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఆరేళ్ళు తపాలు సెక్షనే. కాబట్టి చెత్తబుట్ట వైపు నుంచి చెప్తాను.

ప్రధానమంత్రికి, ఆరోగ్య మంత్రికి, ముఖ్యమంత్రికి, గవర్నరుకి ఒకే ఉత్తరం పంపకండి. అందరికీ రాసిన ఉత్తరానికి ఎవరూ బాధ్యులు కారు. ఒక్కొక్కరూ "తగు చర్య నిమిత్తం" అని రాసి పక్కవాళ్ళకు తోసేస్తారు. నేనూ తోశాను, అబద్ధమెందుకు.

ఉత్తరానికి ఒక్క కోరికే ఉండాలి. "విషయం" అనే లైనులోనే ఆ కోరిక కనపడాలి. చాలామంది అక్కడ "సహాయం కోరుతూ" అని రాస్తారు. రిజిస్టరులో గుమాస్తా ఎక్కించేది ఆ లైను ఒక్కటే. మూడు పేజీల కన్నీళ్ళు రాసినా రిజిస్టరులో మిగిలేవి ఆ రెండు మాటలే. మీ పిల్లవాడి కథ రాయండి, వద్దనను, కానీ రెండో పేజీలో. మొదటి పేజీలో పట్టిక ఉండాలి: వయసు, జబ్బు, ఏ కేంద్రంలో వైద్యం, ఇప్పటిదాకా ఖర్చయింది ఎంత, డబ్బు ఏ నెలతో అయిపోతుంది.

చేత్తో ఇస్తే మీ కాపీ మీద సీలు వేయించుకోకుండా కదలొద్దు. నెల దాకా చూసి, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. అందులో "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. "నా అర్జీ మీద ఈరోజు దాకా తీసుకున్న చర్య, నోట్ ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి. ఫైలులో ఎవరు ఏం రాశారో బయటపడుతుంది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మదనపల్లె_బస్సు

అన్నా, మీరు చెప్పింది బాగుంది, కానీ మా కష్టం ఇంకోటి. మా పాపకు ఎంపీఎస్, అదీ ఒక ఎంజైమ్ లోపం జబ్బే. మదనపల్లె నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వస్తాం, డ్రిప్ అయ్యాక సాయంత్రం బస్సుకి పోతాం. ఇక్కడ అడిగితే మీది ఆంధ్రా కదా అంటారు. అక్కడ అడిగితే వైద్యం కర్ణాటకలో చేయించుకుంటున్నారు కదా అంటారు. రెండు ప్రభుత్వాల మధ్య మా పాప ఫైలు కూడా మాలాగే బస్సులో తిరుగుతోంది.

అర్జీల_రాయుడు

తమ్ముడూ, రెండు డబ్బులున్నాయి, వాటిని కలపకు. 50 లక్షలది కేంద్రం డబ్బు. అది అరుదైన జబ్బులకని కేంద్రం గుర్తించిన ఎక్సలెన్స్ సెంటర్ ద్వారా వస్తుంది. మొదట అలాంటివి ఎనిమిది పెట్టారు. బెంగళూరులో ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్‌తో కలిసి. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రితో కలిసి. నీకు బెంగళూరు దగ్గర, ఇక్కడే పేరు ఉంచుకో. రేషన్ కార్డు, స్థానికత అడిగేది రాష్ట్ర పథకాలకి. ఆ అర్జీ నీ ఓటు ఉన్నచోట, మీ ఎమ్మెల్యే చేత సంతకం పెట్టించి ఇవ్వాలి. ఎంపీ దగ్గరికి వెళ్తే మాత్రం సిఫారసు ఉత్తరం అడక్కు, లోక్‌సభలో ప్రశ్న వేయమని అడుగు. ప్రశ్న నువ్వే రాసి ఇవ్వు. రాతపూర్వక జవాబు వస్తే అది ప్రభుత్వం ఒప్పుకున్న మాట, రేపు ఎక్కడైనా చూపించుకోవచ్చు.

సూటిగా_మాట

తిట్టుకోకండి, ఎవరో ఒకరు అనాలి. ఒక్క బిడ్డకు ఏడాదికి లక్షలకు లక్షలు. అదే డబ్బుతో ఎంతమంది టీబీ రోగులకు తిండి పెట్టొచ్చు? ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు పావు వంతు మన దేశంలోనే ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర డబ్బు చెట్టుకి కాయదు.

పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ దగ్గర గుచ్చి ఒక చుక్క రక్తం పరీక్ష చేయమని అడగండి, నేనూ సంతకం పెడతాను. థైరాయిడ్ లోపం అప్పుడే తెలిస్తే చవక మాత్రతో సరిపోతుంది, తెలియకపోతే బిడ్డ మెదడు ఎదగదు. అది ప్రజారోగ్యం. మీరడిగేది వేరు.

తాంబరం_కౌన్సిలర్

సూటిగా గారూ, మిమ్మల్ని తిట్టను. ఈ మాట నేను పాతికేళ్ళ కిందట చెన్నైలో విన్నాను, అచ్చం ఇవే పదాలతో. అప్పుడు హెచ్ఐవీ గురించి. నెల్లూరు, ఒంగోలు నుంచి తెలుగువాళ్ళు చాలామంది చెన్నై పక్కన తాంబరం ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, నేను వాళ్ళతో తెలుగులో మాట్లాడే కౌన్సిలర్‌ని. "ఈ మందులు జీవితాంతం వాడాలి, పేద దేశం భరించలేదు, ఆ డబ్బు నివారణకు పెట్టండి" అనేవాళ్ళు పెద్ద పెద్దవాళ్ళే. వచ్చినవాళ్ళలో కొందరికి కొనుక్కోమని చీటీ రాసిస్తే, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఊరికి పోయేవాళ్ళు. మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు.

2001లో సిప్లా అనే మన దేశపు మందుల కంపెనీ ఏడాది మందులు 350 డాలర్లకు ఇస్తామంది. రోగుల సంఘాలు ఊరుకోలేదు. 2004 ఏప్రిల్ 1న ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో ఉచితంగా మందులివ్వడం మొదలైంది. తమిళనాడు, కర్ణాటక, మన ఆంధ్ర మూడూ అందులో ఉన్నాయి. భరించలేమన్న దేశమే భరించింది, ఎందుకంటే ధర దిగింది. ధర దానంతట అది దిగలేదు.

మడమ పరీక్ష విషయంలో మాత్రం మీతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను.

ఎస్‌ఎంఏ_పాప_అమ్మ

కౌన్సిలర్ అక్క చెప్పిన ధర మాట మా ఇంట్లోనే జరిగింది. పాపకు ఎస్‌ఎంఏ, కండరాలు బలహీనపడే జన్యు జబ్బు. రిస్‌డిప్లామ్ అని నోట్లో పోసే మందు. కంపెనీ సీసా సుమారు 6.2 లక్షలు ఉండేది. పాప 20 కిలోలు దాటింది, అంటే రోజుకు 5 మిల్లీగ్రాములు, సీసా పన్నెండు రోజులకు సరి. ఏడాదికి ముప్పై సీసాలు. గుణించుకోండి, నేను గుణించి గుణించి అలిసిపోయాను.

ఇంకో కంపెనీ ఆ మందు తయారు చేయకూడదని పేటెంటు కేసు వేసిన రోష్ (ఆ మందు అసలు కంపెనీ) అప్పీలును 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. మన హైదరాబాదు కంపెనీ నాట్కో 15,900 రూపాయలకు సీసా తెచ్చింది. ఏడాదికి అయిదు లక్షల లోపు. అదీ చిన్న డబ్బు కాదు, మా ఆయన జీతంలో సగం పోతుంది. కానీ ఇది ఒక ఇల్లు మోయగల బరువు, ముందుది ఊరు ఊరంతా కలిసినా మోయలేనిది. ఆ కేసులో రోగులు కూడా కోర్టుకెక్కారు, అది మర్చిపోకండి.

అందుకే మున్నేకొళాల అక్కా, అర్జీలో "డబ్బు పెంచండి" ఒక్కటే రాయకండి. "ధర తగ్గించడానికి ఏం చేస్తారు" అని కూడా అడగండి.

కె.ఆర్.పురం_నాన్న

అందరివీ చదివాను. మందు ఉన్నవాళ్ళు ధర గురించి మాట్లాడుతున్నారు. మా వాడికి డీఎండీ, కండరాలు ఏడాదికేడాది క్షీణించే జబ్బు. పదకొండేళ్ళు. పోయిన దసరాకు మెట్లెక్కాడు, ఈ దసరాకు ఎత్తుకుని ఎక్కించాను. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ. జబ్బును ఆపే మందు మాకు లేదు. విదేశాల్లో ఉన్నవి కొన్ని జన్యు మార్పులకే పనికొస్తాయి, వాటి ధర అడగడమే దండగ.

కాబట్టి నాకు కావలసింది పరిశోధన. బెంగళూరులోనే డార్ట్ అని ఒక ల్యాబు ఉంది, డీఎండీ పిల్లవాడి తండ్రి మొదలుపెట్టింది. ఒక తండ్రి ల్యాబు పెట్టుకోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందో ఆలోచించండి. ఏ పిల్లవాడికి ఏ ఎక్సాన్ (జన్యువులో ఒక ముక్క) పోయింది, ఎన్నో ఏట నడక ఆగింది, ఆ వివరాలన్నీ ఒకచోట ఉంటేగానీ ట్రయల్ చేద్దామన్నా కుదరదు. మన పిల్లల వివరాలు మాత్రం బీరువాల్లో ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. ఒకచోట మూడేళ్ళ రిపోర్టులు పోగొట్టి "మళ్ళీ చేయించండి" అన్నారు. పేరు చెప్పను, ఇంకా అక్కడికే వెళ్ళాలి.

అర్జీల_రాయుడు

అయ్యా, మీది వేరే ఉత్తరం. పరిశోధన డబ్బు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం, దాని కింది వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దారిలో వస్తుంది, వైద్య సాయం వేరే దారి. రెండూ ఒకే కాగితం మీద పెడితే ఇద్దరూ "మాది కాదు" అంటారు. మడమ పరీక్షది మూడో ఉత్తరం, అది రాష్ట్రానికే మొదట రాయాలి.

మేనకోడలు

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈరోజు రాస్తున్నాను. నన్ను మా మేనమామకే ఇచ్చారు. ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న "మేనరికమా?" అడగడం డాక్టర్ల పని, తప్పు పట్టను. కానీ అడిగాక నా వైపే చూస్తారు, ఆయన వైపు ఎవరూ చూడరు. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటేనే బిడ్డకు వస్తుందని, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశమని మా ఇంట్లో చెప్పడానికి జెనెటిక్ కౌన్సిలర్ మేడమ్ రావలసి వచ్చింది.

మీ పట్టికలో నా పేరు రాయలేను. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. మా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు ఇంకో రెండున్నాయని నాకు తెలుసు, వాళ్ళూ రాయరు. మీరు పదకొండు మంది అని రాస్తారు, నిజానికి పదకొండు కాదు.

కె.ఆర్.పురం_నాన్న

అమ్మా, మాది మేనరికం కాదు. మా ఆవిడది గుంటూరు, నాది కర్నూలు, ప్రేమ పెళ్ళి. డీఎండీ మేనరికంతో సంబంధం లేకుండా వస్తుంది, దాదాపు మూడో వంతు ఇళ్ళల్లో తల్లిలో కూడా ఉండదు, బిడ్డలో కొత్తగా పుడుతుంది. అయినా మా అమ్మ ఇప్పటికీ కోడలి వైపు వాళ్ళ జాతకాలు తీస్తుంది.

తాంబరం_కౌన్సిలర్

మేనకోడలు తల్లీ, పేరు అక్కర్లేదు. మేం అప్పట్లో నంబర్లతో నడిపాం. పట్టికలో "7వ కుటుంబం, చిత్తూరు జిల్లా, బిడ్డ వయసు 4" అని చాలు. పేర్లున్న కాగితం ఒకరి దగ్గరే, డాక్టరు సర్టిఫికెట్లతో, బీరువాలో. అధికారి అడిగితే చూపిస్తాం, అర్జీకి జత చేయం. ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది?" అనే. దానికి మన జవాబు "చాలామంది" అయితే ఫైలు అక్కడే మూస్తారు.

సూటిగా_మాట

నా అభిప్రాయం పెద్దగా మారలేదు. 50 లక్షలు ఇచ్చి, పొట్ట తగ్గాక ఆపేస్తే ఆ 50 లక్షలూ ఏమైనట్టు అన్నది మాత్రం నేను ఆలోచించలేదు. అది ఉత్తరంలో రాయండి. లెక్కలు చూసేవాళ్ళకు ఆ మాట తగులుతుంది.

మున్నేకొళాల_అమ్మ

అదే రాస్తున్నాను అండీ. విషయం లైను ఇలా మార్చాను: "గ్రూపు 3 జబ్బుల్లో 50 లక్షల పరిమితి ముగిసిన రోగులకు వైద్యం ఆగకుండా కొనసాగించే ఏర్పాటు గురించి." గ్రూపు 3 అంటే మందు ఉన్నా ఖరీదెక్కువ, జీవితాంతం వాడాల్సిన జబ్బులు. 2021లో మొదట 20 లక్షలని, అదీ ఒక్కసారి వైద్యంతో నయమయ్యే గ్రూపు 1 వాళ్ళకేనని పెట్టి, 2022లో అన్ని గ్రూపులకూ 50 లక్షలు చేసిన సంగతి రెండో పేరాలో పెట్టాను. ఒకసారి మార్చారు కాబట్టి ఇంకోసారి మార్చగలరని. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు జాతీయ నిధి పెట్టి రెండేళ్ళకు 974 కోట్లు కేటాయించమన్న తీర్పు మూడో పేరా. బాబు కథ రెండో పేజీకి వెళ్ళింది రాయుడు గారూ, నాలుగు లైన్లే మిగిల్చాను.

ఎస్‌ఎంఏ చెల్లీ, ధర మాట నాలుగో పేరాలో పెడదామనుకుని, రాయుడు గారు తిడతారని తీసేశాను. దానికి వేరే ఉత్తరం, నువ్వు రాయి.

ఫ్రీడమ్ పార్కులో ధర్నాకు కూర్చుందామని ఇద్దరు అన్నారు. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఆదివారం పదింటికి కబ్బన్ పార్కు, సెంట్రల్ లైబ్రరీ పక్కన. రిపోర్టుల జిరాక్సులు తెండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, నాకు కూడా.

మదనపల్లె_బస్సు

అక్కా, వస్తాను. ఒక సందేహం. పట్టిక కోసం మేం నింపాల్సిన వివరాల ఫారం తెలుగులో ఉందా? మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆసుపత్రిలో ఇప్పటికి ఇరవై కాగితాల మీద సంతకం పెట్టించారు, ఒక్కటీ తను చదవలేదు. ఈసారి చదివాకే పెడతానంటోంది.

మున్నేకొళాల_అమ్మ

లేదు తమ్ముడూ, రాత్రి బాబు పడుకున్నాక తెలుగులో రాసి ఇక్కడే పెడతాను. చదివి ఎక్కడ అర్థం కాలేదో మీ ఆవిణ్ణే చెప్పమను, అక్కడ మార్చి మిగతావాళ్ళకు పంపుతాను.